కార్డు మీద లేని చేతులు

2025 జూలై ఇరవై ఒకటి, సోమవారం. ఆ మధ్యాహ్నం సవిత తిన్నది జొన్నరొట్టె, పుంటికూర పప్పు. తేదీ ఎందుకు గుర్తుందంటే, ప్లేజరిజం రిపోర్టు కోసం ఆమె తన థీసిస్‌ను లైబ్రరీలో ఇచ్చింది ఆ రోజే. రొట్టె ఎందుకు గుర్తుందంటే, దాన్ని సగంలో వదిలేసి డబ్బా మూత పెట్టేసింది. పుంటికూరను మిగల్చడం ఆమె జన్మలో అంతకుముందు జరగలేదు.

యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యూబ్ సార్‌కు ఒక అలవాటు ఉంది. ఎవరు థీసిస్ తెచ్చినా దాన్ని కంప్యూటర్లో వేసి, ఎంత శాతం ఇతరుల రాతతో కలుస్తుందో చూసి, హద్దు దాటకపోతే సర్టిఫికెట్ ఇవ్వాలి. నియమం అంతవరకే. ఆయన మాత్రం థీసిస్ చివర ఉన్న ఆధారాల పేజీలు తిప్పుతూ, కళ్లు మూసుకుని మూడుచోట్ల వేలు పెడతాడు. "ఇది ఏ పేజీల ఉన్నది బేటీ? తెరిచి చూపియ్" అంటాడు. రీసెర్చ్ పిల్లలు దీనికి మూడు వేళ్ల పరీక్ష అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్లు. అందులో తప్పినా సర్టిఫికెట్ ఆగదన్న సంగతి అందరికీ తెలుసు.

సవిత విషయంలో మొదటి వేలు ఒక పుస్తకం మీద పడింది. ఆమె బీరువాలోంచి తీసి పేజీ చూపించింది. రెండోది ప్రభుత్వ నివేదిక. అదీ దొరికింది. మూడో వేలు ఒక పరిశోధన వ్యాసం మీద ఆగింది. నిజామాబాద్ జిల్లాలో నమోదైన బీడీ కార్మికుల మీద ఎవరో చాలా ఏళ్లు కష్టపడి రాసిన వ్యాసం.

"అది డేటాబేస్‌ల ఉన్నది సార్. అసిస్టెంట్ చెప్పింది."

అయ్యూబ్ సార్ తల ఊపాడు. పోయిన ఏడాదే లైబ్రరీ కొత్త డేటాబేస్ తీసుకుంది. అందులో ఒక ఏఐ అసిస్టెంట్ ఉంది. మామూలు మాటల్లో ప్రశ్న అడిగితే వేల వ్యాసాల్లోంచి ఏరి, అర పేజీ జవాబు రాసి, కింద ఆధారాలు కూడా పెడుతుంది. దాన్ని ఎట్లా వాడాలో పిల్లలకు క్లాసు తీసుకున్నది అయ్యూబ్ సారే. ముందు బెంచీలో కూర్చుని అన్నీ రాసుకున్నది సవితే.

ఆమె పరిశోధన తన ఊరి గురించి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ తర్వాత చుట్టుపక్కల ఇళ్లు ఎట్లా నిలదొక్కుకున్నాయన్నది విషయం. ఆ రోజుల్లో ఆడవాళ్లు బీడీ పనిలోకి ఎక్కువగా వచ్చారా అని ఆమె అసిస్టెంట్‌ను అడిగింది. నమోదైన కార్మికుల సంఖ్యలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదని, ఆడవాళ్లు కొత్తగా ఆ పనిలోకి వచ్చినట్టు ఆధారం కనిపించదని అది జవాబిచ్చింది. కింద ఈ వ్యాసం పేరు పెట్టింది. సవిత స్వయంగా ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే కూడా అదే చెప్పింది: బీడీలు చేసే ఇంట్లో ఒక్కరే కార్మికురాలు. రెండూ కలిశాయి. ఆ బలంతోనే మూడో అధ్యాయం రాసింది. ఇళ్లను నిలబెట్టింది వలసపోయిన మగవాళ్ల సంపాదన, ఆడవాళ్ల పనిలో పెద్ద మార్పు లేదు అని తేల్చింది. గైడ్ ఆ పేజీ పక్కన "బాగుంది" అని రాశాడు. ఆయన అట్లా రాయడం అరుదు.

"వ్యాసం చదివినవా?" అని అడిగాడు అయ్యూబ్ సార్. గొంతులో నిందేమీ లేదు.

"సారాంశం చదివిన సార్."

"రాసినాయనదా, మిషన్‌దా?"

"మిషన్‌దే. పూర్తి వ్యాసం మన లైబ్రరీల తెరుచుకోదు సార్. పైపేజీ ఒక్కటే వస్తది."

"తెప్పిద్దాం తీ. వేరే లైబ్రరీకి ఒక మెయిల్ కొడ్త."

"మరి సర్టిఫికెట్?"

"అది ఇయ్యాల్నే తీస్కపో. అది నీ హక్కు." ప్రింటర్లోంచి కాగితం తీసి, ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊది ఇచ్చాడు.

ఆ ఊదడమే సవితను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. తిట్టి ఉంటే రొట్టె మొత్తం తినేదేమో.

అయ్యూబ్ సార్ భార్య రిజ్వానా పోయి రెండేళ్లు దాటింది. చాలాకాలం మంచం మీద ఉండి పోయింది. ఆమె నిద్ర చెడగొట్టకుండా ఇంట్లో తిరిగిన ఆ ఏళ్లలో ఆయనకు చప్పుడు లేకుండా మసలడం అలవాటైంది. బీరువా మూసినా, కుర్చీ జరిపినా వినపడదు. "అయ్యూబ్ సార్ తలుపేస్తే తలుపుకే తెలవది" అని పిల్లలు జోకు వేసేవాళ్లు. ఆయన వింటే తానూ నవ్వేవాడు.

గురువారం వ్యాసం వచ్చింది. ఆయన దాన్ని ప్రింటు తీసి, పిన్ను కొట్టి, వాన చినుకులు పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాడు. ఏ పేజీ చూడాలో చెప్పలేదు. అప్పటికి ఆయన చదివే ఉంటాడని సవితకు తర్వాత తట్టింది.

సాయంత్రం బోధన్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎడపల్లి వచ్చేసరికి ఆమె పట్టిక ఉన్న పేజీకి చేరింది. సంఖ్యలన్నీ అసిస్టెంట్ చెప్పినట్టే ఉన్నాయి. అమ్మయ్య అనుకుంది. పట్టిక కింద, చీమల బారులాంటి చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. ఇవి బీడీ కార్మికుల గుర్తింపు కార్డుల లెక్కలే తప్ప మనుషుల లెక్కలు కావు. ఈ కాలంలో కొత్త కార్డులు అంతగా జారీ కాలేదు. ఒక కార్డు మీద ఇంట్లో ఎంతమంది పనిచేస్తున్నారో ఈ అధ్యయనం చూడలేదు. అట్లా చూస్తే లెక్క మారవచ్చు.

ఆమె దాన్ని రెండోసారి చదివింది. రాసినాయన దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. అర పేజీకి కుదించినప్పుడు మిషన్ ఆ మాటను కింద జారవిడిచింది. జారిపోయిందని సవితకు తెలియలేదు, ఎందుకంటే ఆమె ఆ పేజీ తెరవనే లేదు.

సరే, నా సర్వే ఉంది కదా అనుకుంది. ఇల్లిల్లూ నేనే తిరిగాను. మిషన్ తప్పినా నేను తప్పలేదు.

ఇంటికి పోయేసరికి తల్లి శ్యామలమ్మ గుమ్మంలో వెలుతురుకు కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తడిపిన తునికాకులు, తంబాకు, దారం. తండ్రి ఇంట్లో లేడు. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసిన మనిషి, మూతపడ్డప్పటి నుంచి వానాకాలం వస్తే మిల్లుల రిపేర్లకు మహారాష్ట్ర పోతాడు. సవిత కాళ్లు కడుక్కుని తల్లి పక్కన గోడకు ఒరిగింది. తల్లి చుట్టి పడేసిన బీడీలు కొసలు తెరుచుకుని కుప్పగా ఉన్నాయి.

"అవ్వా, ఒకటడుగుత. మన ఇంట్ల బీడీలు చేసేటోళ్లు ఎందరు?"

"గదేం అడుగుడే? నేనొక్కదాన్నే."

"సక్కగ చెప్పు."

"సక్కగనే చెప్తున్న. కార్డు నాది. కార్ఖానకు పోయేది నేను. ఇంకెవ్వరున్నరు?"

సవిత మళ్లీ అడగబోయి తన చేతుల వైపు చూసుకుంది. ఎడమ చేతిలో ఒక బీడీ ఉంది. కుడి బొటనవేలి గోరు దాని కొసను లోపలికి ముడుస్తోంది. ముందర ముడిచినవి అప్పటికే ఒక వరుస చేరాయి. ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకు తెలియదు. ఐదో తరగతి నుంచీ ఆ గుమ్మంలో కూర్చుంటే చేతులు వాటంతటవే ఆ పనిలో పడతాయి.

"మరి గివి ఎవరు ముడుస్తున్నరు?"

శ్యామలమ్మ కళ్లద్దాల పైనుంచి చూసింది. "నువ్వు సదువుకుంటున్నవ్ గదనే. జర ఆసరైతున్నవ్. గది పనా?"

సవిత ముడిచిన బీడీని వరుసలో పెట్టింది. తల్లి అబద్ధం ఆడలేదు. ఏ ఇంట్లోనూ ఎవరూ అబద్ధం ఆడి ఉండరు. కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లు కార్మికురాలు. పక్కన ఆకు కత్తిరించే కోడలు, కొసలు ముడిచే బిడ్డ, దారం చుట్టే అత్త, వీళ్లంతా ఆసరా. "మీ ఇంట్ల బీడీ కార్మికులెవరు" అని సవిత ప్రతి గుమ్మంలో అడిగింది. కార్డు పేరు చెప్పారు. ఆమె రాసుకుంది. బయటి మనిషి ఎవరైనా వచ్చి ఉంటే, పక్కన కూర్చున్న పిల్ల చేతులు చూసి "మరి ఈమె?" అని అడిగేవాళ్లేమో. సవితకు ఆ ప్రశ్న రాలేదు. ఆ పిల్లలాగే పెరిగిన మనిషికి అది కళ్ల ముందున్నా కనపడలేదు.

"బాపు పని పోయిన ఏడు యాదికున్నదా? అప్పుడు ఎట్ల చేసినం?"

"యాదికుండదా. నువ్వు, నేను, మీ నాయనమ్మ. దీపాలు పెట్టినంక సుత చాటలు దించకపోతుంటిమి. నీ వేళ్లకు పుండ్లయినయి. పసుపు పెడుతుంటి."

"మరి అప్పుడెందరం?"

శ్యామలమ్మ చెయ్యి ఆగింది. "ముగ్గురం" అంది, ఎవరో కొత్తగా చెప్పినట్టు. కాసేపటికి మళ్లీ ఆకు అందుకుని, "గని కార్డు నాదే గద" అంది.

మర్నాడు సవిత గైడ్ ధనుంజయ్ సార్ గదికి పోయింది. మంచివాడే. వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు, దానికి ముందే తన చేతి కింది పిల్లలందరినీ గట్టెక్కించాలన్న తొందర ఆయనది. అంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పొయ్యి మీది అన్నం దించే యాళ్లకు బియ్యం మారుస్తనంటవేంది సవితా?"

"పురుగు కనపడ్డది సార్."

"లిమిటేషన్స్ కింద ఒక లైన్ రాయి. కార్డులు, కార్మికులు ఒక్కటి కాకపోవచ్చు అని. అందరు రాసేదే."

"ఆ పేపర్ల కూడ ఒక లైన్ రాసిండు సార్, పట్టిక కింద. ఎవరు చూసిన్రు? నేనే చూడకపోతి. రేపు నా థీసిస్‌ను సుత ఇంకో మిషన్ చదువుతది. ఆడోళ్ల పనిల మార్పు లేదని చెప్తది, కింద నా పేరు పెడ్తది."

ధనుంజయ్ సార్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "మిషన్ పుణ్యాన నెలల పని దినాలల్ల చేస్తిరి. ఇప్పుడు చేసిన పనిని మళ్లా నెలలు చేస్తరు. ఇగో, విను. నీ గడువు సెప్టెంబర్ ఆఖరు. ఇంకో పొడిగింపు లేదు. దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేండ్ల కష్టం నీళ్ల పాలు. నేను పోయినంక నిన్ను తీసుకునేటోళ్లు దొరుకుడు కష్టం. ఎరికేనా?"

"ఎరికే సార్."

"ఆగస్టు ఆఖర్ల సెమినార్, థీసిస్ ఇచ్చే ముందటిది. దానికి వారం ముందు కొత్త అధ్యాయం నా బల్ల మీద ఉండాలె. లేకుంటే పాతదే పోతది. నేను సంతకం పెట్టేది దానికే."

"ఉంటది సార్."

ఎట్లా ఉంటుందో అన్న సమయానికి ఆమెకే తెలియదు.

మొదట బిల్కిస్ ఖాలా ఇంటికి పోయింది. వెనక గల్లీలోనే ఉంటుంది, శ్యామలమ్మకు చిన్నప్పటి దోస్తు. ఆమె కూతురు లైబా డిగ్రీ చదువుతోంది. తల్లీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని చాటలు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. సవిత తన తల్లి చాట చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అరె వాహ్" అంది బిల్కిస్. "పోయినసారి పెన్ను పట్కొని వస్తివి, ఈసారి చాట పట్కొని వస్తున్నవ్. పీహెచ్‌డీ బంద్ పెట్టినవా ఏంది?"

"బంద్ కావొద్దనే వచ్చిన ఖాలా. జర జరుగు."

కూర్చుని ఆకు అందుకుంది. కాసేపు ఊరి మాటలు నడిచాయి. తర్వాత సవిత తల ఎత్తకుండానే, "మా ఇంట్ల కార్డు అవ్వది. చేసేది ఇద్దరం. నాయనమ్మ ఉన్నప్పుడు ముగ్గురం. పోయినసారి నేను మా ఇంటి ముందర ఒకటి అని రాసుకున్న" అంది.

లైబా నవ్వింది. "నిన్ను నువ్వే రాసుకోలేదా అక్కా?"

"రాసుకోలె. నిన్ను సుత రాయలె."

బిల్కిస్ నవ్వలేదు. చాట కొంచెం దూరంగా జరిపింది. "చూడు బిడ్డా. ఒక్క కార్డు మీద ఇద్దరు చేస్తున్నరని ఎక్కడన్న పడితే కార్డు పోతదా? రేపు నాకు పింఛను రావాలె. ఆలోచించినవా?"

ఆలోచించలేదు. దారి పొడవునా ఆమె ఆలోచించింది తన అధ్యాయం గురించే. ఇప్పుడు ఆకు కత్తిరిస్తూ ఆలోచించింది. "పేరు రాయ. కార్డు నంబరు రాయ. గల్లీ పేరు సుత రాయ. చేతులు ఒక్కటే రాస్త. వద్దంటే అది కూడ రాయ. ఊరికె ఈ ఆకులు చేసిపెట్టి పోత."

బిల్కిస్ ఇంకో రెండు బీడీలకు దారం చుట్టింది. చివరికి గడ్డంతో కూతురి వైపు చూపించింది. "రాస్కో. నా కండ్లు సరిగ కనపడక ఎన్ని దినాలయిందో. కట్టలన్ని దాని చేతులయే. నేనే దానికి ఆసరా."

"అమ్మీ!" లైబా చాట ఎత్తి పట్టుకుంది. "ఇన్నేండ్లకు ఒప్పుకున్నవ్! సవితక్కా, తారీఖు వేసి రాస్కో."

ఆ రోజు నుంచి సవిత పద్ధతి మారింది. పొద్దున పోయి ప్రశ్నలు అడగడం మానేసింది. అందరూ చాటల ముందు కూర్చునే మాపటి వేళ పోయి, తానూ కూర్చుని, ముందు తన ఇంటి సంగతి చెప్పేది. కార్మికులెవరు అని అడగలేదు. నిన్న ఈ ఇంట్లో ఆకు ఎవరు కత్తిరించారు, ఎవరు చుట్టారు, కొసలు ఎవరు ముడిచారు, కట్టలు ఎవరు కట్టారు అని అడిగేది. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఎవరు చేసేవాళ్లు, మూతపడ్డంక ఎవరు కూర్చున్నారు అనేది. ఎక్కువ ఇళ్లలో ఫ్యాక్టరీ సైరన్ ఆగిన ఏడాదే రెండో చాట కొన్నారు. ఆ సంగతి ఆమెకు ఎక్కడా రాసి కనపడలేదు. రెండో చాట ఎప్పుడు కొన్నారని ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు.

అందరూ చెప్పలేదు. ఒకామె "కార్డు పేరు రాస్కొని పో, ఇంకేం అడగకు" అని లోపలికి పోయింది. ఆ ఇంటిని సవిత ఖాళీగానే వదిలింది. చందూర్ వైపు పోయిన రోజు వాన పట్టుకుంది. ఒకప్పుడు చెరుకు నిలబడ్డ పొలాల్లో ఇప్పుడు వరి నాట్లు. తడిసి ముద్దయి ఎవరి చూరు కిందో నిలబడితే, ఆ ఇంటామె ఏమీ అడగకుండా తుండుగుడ్డ చేతిలో పెట్టి, చాయ్ ఇచ్చి, "చదువుకునే పిల్లవు, జరమొస్తది" అంది. తర్వాత తానే తన కోడళ్ల పని గురించి చెప్పడం మొదలుపెట్టింది.

పగలు లైబ్రరీ. అసిస్టెంట్ వాడిన ప్రతిచోటా గుర్తు పెట్టి, ఆ వ్యాసాలన్నీ తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. కొన్ని అది చెప్పినట్టే ఉన్నాయి. కొన్నిట్లో "కావచ్చు" అన్నది "అయింది" అయి కూర్చుంది. ఒకరోజు విసుగొచ్చి పాత ప్రశ్ననే మళ్లీ అడిగింది. అదే జవాబు, అంతే ధీమాగా వచ్చింది. పట్టిక కింది మాటను టైపు చేసి, మరి దీని సంగతేమిటి అంది. మీరు చెప్పింది నిజమే, క్షమించండి అని వెంటనే రాసింది.

భుజం మీదుగా చూస్తున్న అయ్యూబ్ సార్ చప్పుడు లేకుండా నవ్వాడు. "ఇంత తొందరగ ఒప్పుకునేటోళ్లతో జర జాగ్రత్తగుండాలె బేటీ. మా ఇంట్ల ఆమె ఉన్నప్పుడు నేను సుత గిట్లనే ఒప్పుకుంటుంటి. ఏం ఒప్పుకున్ననో నాకే తెలవకపోతుండె."

"ఇగ దీన్ని ముట్టుకోను సార్."

"ఎందుకు ముట్టుకోవు? క్లాసుల నేను ఒక మాట చెప్పుడు మర్చిపోయిన. ఎక్కడున్నదో అడుగు. ఏమన్నదో అడుగకు." కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడు అడుగు. కార్డులు వేరు, మనుషులు వేరు అని లెక్క చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా అని."

అడిగింది. క్షణంలో ఒక వరుస వచ్చింది. అందులో కొన్ని పనికిరానివి. ఒకటి మాత్రం వేరే రాష్ట్రంలో ఎవరో ఆడమనిషి చేసిన పాత పరిశోధన. ఇల్లిల్లూ తిరిగి, చాటలు లెక్కపెట్టిన పరిశోధన. సవిత ఒంటరిగా వెతికి ఉంటే దాని పేరు కూడా వినేది కాదు. ఆ వ్యాసం తమ లైబ్రరీలో తెరుచుకుంది కూడా. ఆ మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయి చదివింది. మూడింటికి అయ్యూబ్ సార్ తన డబ్బా తెచ్చి పక్కన పెట్టాడు. ఖిచిడీ, చింతపండు పులుసులాంటి ఖట్టా. భార్య పోయాక ఆయనే వండుకుంటాడు. ఖట్టాలో ఉప్పు ఎక్కువైంది. సవిత గిన్నె ఖాళీ చేసింది.

గైడ్ చెప్పిన రోజుకు అధ్యాయం ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన "సరే, పో" అన్నాడు, అంతే. వారం రోజులు మళ్లీ పిలవలేదు. ఏ అధ్యాయం మీద సంతకం పెడతాడో తెలియకుండానే సెమినార్ రోజు వచ్చింది.

శ్యామలమ్మ పొద్దున్నే జుట్టు దువ్వి జడ వేస్తూ, "ఏం అడుగుతరే వాళ్లు?" అంది.

"నువ్వొక్కదానివే చేస్తున్నవా అని అడుగుతరు."

"ఇద్దరం అని చెప్పు." జడ కొస కట్టి, "గట్టిగ చెప్పు" అంది.

హాలులో విభాగం పెద్దలు ముందు వరుసలో కూర్చున్నారు. సవిత పాత అధ్యాయం ఏమి చెప్పిందో ముందు చెప్పి, అది ఎందుకు తప్పో చెప్పి, తర్వాత కొత్తది చెప్పింది. మొదట్లో కాగితం చూసి చదివింది. రెండో చాట దగ్గరికి వచ్చేసరికి కాగితం పక్కన పెట్టేసింది.

బయటి నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ వెనక్కి వాలాడు. "అంటే తప్పు కంప్యూటర్‌ది అంటావమ్మా?"

"కాదు సార్. రాసినాయన రాయాల్సింది రాసిండు. మిషన్ కింది మాట వదిలేసింది. నేను పేజీ తెరువలేదు. అట్లని మిషన్ ఒక్కటే కాదు, నా సర్వే ప్రశ్న కూడా కార్డునే అడిగింది, మనిషిని అడగలేదు. రెండు తప్పులు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు."

"నువ్వూ బీడీ ఇంటి పిల్లవేనంటున్నారు. మరి మీ ఇంట్లోనైనా ఎంతమందో తెలియదా?" ముందు వరుసలో ఎవరో నవ్వారు.

"ఇప్పుడు తెలుసు సార్. ఇద్దరం. ఒకరు బోధన్‌ల ఉన్నరు. ఒకరు మీ ముందర నిలబడ్డరు."

ఆ ప్రొఫెసర్ పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. "ఇంత పని గడువులోపల అవుతుందా?" అని అడిగాడు, ఈసారి ధనుంజయ్ సార్ వైపు తిరిగి.

ధనుంజయ్ సార్ లేచి నిలబడ్డాడు. "అయిపోయింది. నేను మొత్తం చదివిన. రెండుసార్లు చదివిన. నా సంతకం దీనికే." కూర్చుంటూ సవిత వైపు చూసి, "బియ్యం మంచియే" అన్నాడు. అదేమిటో హాలులో ఇంకెవరికీ అర్థం కాలేదు.

సెప్టెంబర్ చివరి వారంలో ఒక సాయంత్రం, మొత్తం థీసిస్‌ను మళ్లీ సరిచూసుకుని, సవిత రెండో రిపోర్టు కోసం లైబ్రరీకి వచ్చింది. మిగతా పిల్లలు వెళ్లిపోయారు. రిపోర్టు శాతం హద్దులోపలే ఉంది. ఏఐ ఎక్కడెక్కడ వాడారో చెప్పే కాగితాన్ని అయ్యూబ్ సార్ నిదానంగా చదివాడు. ఎక్కడున్నదో వెతకడానికి వాడాను, ఏమన్నదో నేనే చదివాను అని ఉంది. కింద తాను తప్పిన చోటు కూడా రాసి ఉంది.

ఆధారాల పేజీలు తిప్పుతూ ఆయన కళ్లు మూసుకున్నాడు. మొదటి వేలు. సవిత పేజీ చెప్పింది. రెండో వేలు. చెప్పింది. మూడో వేలు గాలిలో కాసేపు తిరిగింది.

"సార్, మీరు కండ్లు తెరిచి వెతుకుతున్నరు."

"వయసయింది బేటీ. మూస్తే దొరుకుతలేదు." వేలు ఆ వ్యాసం మీదే దిగింది. "ఇది ఏ పేజీ?"

"పట్టిక కింద సార్. చిన్న అక్షరాలల్ల."

ఆయన సర్టిఫికెట్ ప్రింటు తీసి, ముద్ర వేసి, మునుపటిలాగే సిరా ఆరేదాకా ఊదాడు. సవిత దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. వ్యాసం ఇచ్చినప్పుడు ఆయన ఇచ్చిన కవరే అది. ఇంతలో ఫోన్ మోగింది. శ్యామలమ్మ.

"బస్సు ఎక్కినవా? బిల్కిస్ అడుగుతున్నది, అయిందా అని."

"అయింది అవ్వా. రేపు ఇచ్చేస్త. పుంటికూర ఉన్నదా?"

"ఉన్నది. నీ వాటా చాట కూడ ఇక్కడ్నే ఉన్నది, రా."

అయ్యూబ్ సార్ ఫ్యాన్లు ఆపాడు. కిటికీలు ఒక్కొక్కటే వేశాడు. కంప్యూటర్ల వెలుతురు ఒకటి తర్వాత ఒకటి ఆరిపోయింది. సవిత మెట్లు దిగి, గొడుగు తెరవబోతూ వెనక్కి తిరిగి చూసింది. ఆయన గుమ్మంలో నిలబడి లోపలి చీకటి వైపు ఒకసారి చూశాడు. తర్వాత రెండు తలుపులూ దగ్గరికి లాగి, లోపల ఎవరికో ఇప్పుడే నిద్రపట్టినట్టు, చప్పుడు కాకుండా గొళ్లెం పెట్టాడు.